ఎండోమెట్రియోసిస్‌పై మందు పరీక్షించాలంటే ఏ మోడల్ ఎంచుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక సమ్మేళనం ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొర, అంటే ఎండోమెట్రియం, లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) లీజన్లను, అంటే అలా పెరిగిన మచ్చలు, గడ్డలను, తగ్గిస్తుందో లేదో తేల్చాలి. చేతిలో 12జెడ్ సెల్ లైన్ (ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరిగే కణాలు) ఉంది. శస్త్రచికిత్సల నుంచి బయాప్సీలు దొరికే వీలుంది. జంతుశాల కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి?

ముందుగా ఒక్క మాట రాసి పెట్టుకోండి. మీ సమ్మేళనం జబ్బులో ఏ దశ మీద పనిచేస్తుందని మీ అంచనా? నెలసరి రక్తంతో వెనక్కి వచ్చిన కణజాలం పెరిటోనియానికి (పొట్ట లోపలి గోడలను కప్పే పొర) అతుక్కోవడం ఒక దశ. అక్కడ రక్తనాళాలు తెచ్చుకుని నిలదొక్కుకోవడం మరొకటి. ఏళ్ల తరబడి ఉన్న లీజన్ గట్టిపడి పీచు కట్టడం ఇంకొకటి. నొప్పి వీటన్నిటికీ పక్కగా నడిచే వేరే సంగతి. ఈ నాలుగింటినీ ఒక్కటిగా చూపించే మోడల్ లేదు. చాలా పేపర్లు తడబడేది ఇక్కడే: అతుక్కోవడాన్ని కొలిచి నొప్పికి మందు దొరికిందని రాస్తారు.

వెనక్కి పారే నెలసరి రక్తమే మూలమని శాంప్సన్ 1927లో చెప్పాడు. అయితే అండనాళాలు మూసుకుపోని స్త్రీలలో దాదాపు 90 శాతం మందికి రక్తం ఎంతోకొంత వెనక్కి వెళ్తుందని 1984లో తేలింది. జబ్బు వచ్చేది మాత్రం పునరుత్పత్తి వయసులో ఉన్నవాళ్లలో సుమారు 10 శాతానికి. అంటే కణజాలం అక్కడికి చేరడం ఒక్కటే చాలదు. రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఎందుకు ఊడ్చేయలేదు, ప్రొజెస్టెరాన్ మాట అది ఎందుకు వినడం లేదు అన్నవి అసలు ప్రశ్నలు. మోడల్ ఎంచుకునేటప్పుడు ఈ రెండింట్లో ఏది అందులో మిగిలి ఉంది, ఏది పోయింది అని చూడండి.

సెల్ లైన్లతో మొదలుపెడదాం. 12జెడ్ అనేది పెరిటోనియల్ లీజన్ నుంచి తీసి ఎస్‌వీ40 టీ-యాంటిజెన్‌తో చావులేకుండా చేసిన ఎపిథీలియల్ (పైపొర, గ్రంథుల కణాల) లైన్. దీనిలో ఇ-క్యాడ్హెరిన్ (ఎపిథీలియల్ కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ప్రోటీన్) ఉండదు, ఎన్-క్యాడ్హెరిన్ ఉంటుంది, చొచ్చుకుపోయే గుణం బలంగా ఉంటుంది. అందుకే ఇన్వేజన్, మైగ్రేషన్ పరీక్షలకు బాగా పనికొస్తుంది. హార్మోన్ గ్రాహకాలు మాత్రం దీనిలో బలహీనం. మీ సమ్మేళనం ఈస్ట్రోజెన్ లేదా ప్రొజెస్టెరాన్ దారిలో పనిచేస్తుందని మీరనుకుంటే 12జెడ్‌లో ఏమీ కనిపించకపోవచ్చు, ఆ సున్నాకు అర్థం ఉండదు. ఇషికావా లైన్‌లో గ్రాహకాలు ఉన్నాయి, కానీ అది ఎండోమెట్రియల్ క్యాన్సర్ నుంచి వచ్చింది. దాన్ని ‘మామూలు ఎండోమెట్రియం’ పేరుతో కంట్రోల్‌గా పెట్టకండి. స్ట్రోమా (గ్రంథుల చుట్టూ ఉండే ఆధార కణజాలం) కావాలంటే టెలోమరేజ్‌తో నిలబెట్టిన టీ-హెచ్‌ఈఎస్‌సీ నయం, అది డెసిడ్యువలైజ్ అవుతుంది, అంటే గర్భానికి సిద్ధమయ్యే లోపొర కణాల్లా మారుతుంది.

ఏ లైన్ అయినా ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఎవరివో తేల్చే డీఎన్‌ఏ గుర్తింపు) చేయించండి, మైకోప్లాస్మా (కల్చర్లను కలుషితం చేసే బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. ఈ రంగంలో ఇది లాంఛనం కాదు. మామూలు ఎండోమెట్రియల్ కణాలని ఏళ్ల తరబడి వాడిన హెచ్‌ఈఎస్ నిజానికి హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు) అనీ, హెచ్‌టెర్ట్-ఈఈసీ నిజానికి ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలనీ 2012లో డీఎన్‌ఏ పరీక్షల్లో బయటపడింది.

ఇక మోతాదు. సమ్మేళనాన్ని 50, 100 మైక్రోమోలార్‌లో పోస్తే దాదాపు ఏ కణమైనా చస్తుంది. ఎంటీటీ (బతికున్న కణాలను రంగుతో అంచనా వేసే పరీక్ష) రంగు తగ్గింది కాబట్టి ‘లీజన్ కణాలను చంపింది’ అనడం తప్పు. అదే మోతాదును మామూలు స్ట్రోమల్ కణాల మీద, వీలైతే పెరిటోనియల్ మీసోథీలియల్ కణాల మీద కూడా పెట్టండి. శరీరంలో రక్తంలోకి ఎంత చేరగలదో ఆ అంకెకు పది రెట్లలోపు పనిచేస్తేనే ముందుకు పోవడం మేలు. డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) 0.1 శాతం దాటనివ్వకండి, వెహికల్ (మందు లేని ద్రావకం) కంట్రోల్‌లో సరిగ్గా అంతే ఉండాలి. హార్మోన్ ప్రయోగమైతే ఫీనాల్ రెడ్ లేని మీడియం, చార్‌కోల్‌తో శుభ్రం చేసిన సీరం తప్పనిసరి. ఫీనాల్ రెడ్‌కే బలహీనమైన ఈస్ట్రోజెన్ గుణం ఉంటుంది. మామూలు సీరంలో స్టిరాయిడ్లు ఉండనే ఉంటాయి. ఈ రెండూ మార్చకుండా ‘ఈస్ట్రడయోల్ ఇచ్చినా తేడా రాలేదు’ అని తేల్చేయకండి.

బయాప్సీలు దొరుకుతాయన్నారు కాబట్టి నా దృష్టిలో మీకున్న అసలు బలం ప్రైమరీ కణాలు (రోగి నుంచి నేరుగా తీసినవి). వేరు చేసే పద్ధతి దగ్గరుండి చెబుతాను. బయాప్సీ రాగానే చల్లని డీఎంఈఎం/ఎఫ్12 మీడియంలో వేసి ఐసు మీద తేవాలి, వీలైతే రెండు మూడు గంటల్లోపే పని మొదలుపెట్టాలి. పీబీఎస్‌తో కడిగి, రక్తపు గడ్డలు, శ్లేష్మం తీసేసి, రెండు స్కాల్పెల్‌లతో 1 మిల్లీమీటరు ముక్కలుగా తరగాలి. మి.లీ.కు 1 నుంచి 2 మి.గ్రా. కొలాజినేజ్, కొద్దిగా డీఎన్‌ఏజ్ కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఊపుతూ 45 నుంచి 60 నిమిషాలు ఉంచాలి. పావుగంటకోసారి పిపెట్‌తో పైకీ కిందికీ లాగి, ఒక బొట్టు స్లైడు మీద వేసి చూడండి. విడి కణాల మధ్య వేళ్లలాగా, వంకర గొట్టాల్లా గ్రంథులు చెక్కుచెదరకుండా కనిపించినప్పుడే ఆపేయాలి. ఆ గొట్టాలు కూడా చిట్లి విడిపోయాయంటే ఎక్కువసేపు ఉంచారన్నమాట. ఇక ఎపిథీలియాన్నీ స్ట్రోమానూ జల్లెడతో వేరు చేయలేరు. డీఎన్‌ఏజ్ మరిచిపోతే చచ్చిన కణాల డీఎన్‌ఏ జిగురులా సాగి అంతా ముద్ద కడుతుంది.

తర్వాత ముందు 100 మైక్రాన్ల జల్లెడ, ఆపైన 40 మైక్రాన్ల జల్లెడ. 100 మీద మిగిలేది జీర్ణం కాని ముక్కలు. 40 మీద ఆగేవి గ్రంథులు. కిందికి దిగేది స్ట్రోమా, రక్తకణాలు. 40 జల్లెడను తిరగేసి మీడియం పోస్తే గ్రంథులు వస్తాయి, వాటిని ఆర్గనాయిడ్లకు (జెల్‌లో త్రిమితీయంగా పెంచే చిన్న కణజాల గోళాలు) వాడుకోవచ్చు. స్ట్రోమా భాగంలో ఎర్రకణాలను లైసిస్ బఫర్‌తో తీసేసి ఫ్లాస్కులో వేయండి. 20 నుంచి 30 నిమిషాల్లో స్ట్రోమల్ కణాలు అతుక్కుంటాయి, ఎపిథీలియల్ గుంపులు, రక్తకణాలు చాలావరకు తేలుతూనే ఉంటాయి, వాటిని కడిగేయాలి. శుద్ధి ఎంతో తప్పకుండా చూపించాలి: వైమెంటిన్, సీడీ10 పాజిటివ్, సైటోకెరాటిన్, సీడీ45 నెగెటివ్. మూడు నాలుగు పాసేజ్‌ల (కణాలను విడదీసి కొత్త పాత్రలోకి మార్చడం) తర్వాత వీటికి హార్మోన్ స్పందన తగ్గిపోతుంది, అక్కడ ఆపేయండి.

కణాలు నిజంగా ఎండోమెట్రియల్ స్ట్రోమానేనా అని తేల్చే పరీక్ష ఒకటుంది: డెసిడ్యువలైజేషన్. 0.5 మిల్లీమోలార్ 8-బ్రోమో-సైక్లిక్ ఏఎంపీ, 1 మైక్రోమోలార్ మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఎసిటేట్ కలిపి నాలుగు రోజులు ఇస్తే, కుదురులా సన్నగా ఉన్న కణాలు గుండ్రంగా ఉబ్బి, రాళ్లు పరిచినట్టు అమరుతాయి. ప్రొలాక్టిన్, ఐజీఎఫ్‌బీపీ1 జన్యువులు బాగా పెరుగుతాయి. అండాశయపు ఎండోమెట్రియోమా (ఈ జబ్బు వల్ల కట్టిన తిత్తి) గోడ నుంచి తీసినప్పుడు ఈ పరీక్ష మరీ అవసరం. ఆ గోడలో అండాశయపు స్ట్రోమా, మామూలు ఫైబ్రోబ్లాస్ట్‌లు కలిసి వస్తాయి. సూక్ష్మదర్శినిలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లీజన్ కణాల్లో స్పందన తక్కువగా రావడాన్ని వెంటనే ప్రొజెస్టెరాన్ నిరోధకత అనకండి. ముందు ఫైబ్రోబ్లాస్ట్‌ల కల్తీ లేదని తేల్చాలి.

నమూనా వివరాలు లేని కణాలు ఎందుకూ కొరగావు. నెలసరి చక్రంలో ఏ దశ (హిస్టాలజీతో చూసి), గత మూడు నెలల్లో హార్మోన్ మందులు వాడారా, ఫైబ్రాయిడ్లు గానీ అడెనోమయోసిస్ (లోపొర గర్భాశయ కండరంలోకి చొచ్చుకోవడం) గానీ ఉన్నాయా, లీజన్ ఏ రకం: పెరిటోనియల్, ఎండోమెట్రియోమా, లోతైనది. ఈ మూడూ ఒకేలా ప్రవర్తించవు. కంట్రోల్‌గా ఎవరిని పెట్టారో కూడా రాయండి. జబ్బు ఉన్న స్త్రీ గర్భాశయంలోని లోపొర, జబ్బు లేని స్త్రీ లోపొర ఒకటి కావు. వివరాలు సేకరించేందుకు ప్రపంచ ఎండోమెట్రియోసిస్ పరిశోధనా ఫౌండేషన్ వారి ఈఫెక్ట్ ఫారాలు 2014 నుంచి అందుబాటులో ఉన్నాయి. సొంత ఫారం తయారు చేసుకునే బదులు అవే వాడితే రేపు మీ డేటాను ఇంకొకరి డేటాతో కలపవచ్చు.

ఆర్గనాయిడ్లు 2017లో వచ్చాయి, లీజన్ల నుంచి పెంచినవి 2019లో. గ్రంథి ముక్కలను మాట్రిజెల్‌లో (కణాలను పట్టి ఉంచే జెల్) కలిపి 20 నుంచి 25 మైక్రోలీటర్ల బొట్లుగా వేసి, పైన ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్1, ఎఫ్‌జీఎఫ్10, హెచ్‌జీఎఫ్, ఏ83-01, నికోటినమైడ్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఉన్న మీడియం పోస్తారు. మాట్రిజెల్ ఐసు మీదే ద్రవంగా ఉంటుంది, పిపెట్ టిప్పులు కూడా ముందే చల్లబరచండి. బొట్టు వేసి ఒక నిమిషం ఆగి ప్లేటును తలకిందులు చేసి ఇన్‌క్యుబేటర్‌లో పెడితే ముక్కలు అడుగుకు దిగిపోవు. అడుగు తాకినవి ప్లాస్టిక్ మీద పరుచుకుని చదునైపోతాయి. ఏడు నుంచి పది రోజులకు ఒకసారి పాసేజ్ చేయాలి, లోపల నల్లగా చచ్చిన కణాలు పేరుకోకముందే. మాట్రిజెల్ లాట్ మారితే ఆర్గనాయిడ్ల తీరే మారుతుంది కాబట్టి ఒక ప్రయోగానికి సరిపడా ఒకే లాట్ తెప్పించుకోండి.

ఆర్గనాయిడ్లు హార్మోన్లకు చక్కగా స్పందిస్తాయి, రోగి కణాల్లోని జన్యు మార్పులను నిలుపుకుంటాయి. కానీ అందులో ఉన్నది ఎపిథీలియం మాత్రమే. స్ట్రోమా లేదు, మాక్రోఫేజ్‌లు లేవు, నాడులు లేవు. అందుకే స్ట్రోమల్ కణాలతో కలిపి కొలాజెన్ జెల్‌లో పెంచే పద్ధతి 2021 నుంచి వాడుకలోకి వచ్చింది. మీ ప్రశ్న వాపు గురించైతే అటు వెళ్లండి. చిప్ పరికరాల (కణాలను సన్నని కాలువల్లో పెంచేవి) వైపు చూస్తుంటే ఒక జాగ్రత్త: పీడీఎంఎస్ రబ్బరు స్టిరాయిడ్ హార్మోన్లనూ, నూనెలో కరిగే మందులనూ పీల్చేసుకుంటుంది. మీరు పోసిన మోతాదు కణాలకు చేరిందో లేదో కింద బయటికి వచ్చిన మీడియంలో కొలిచి చూడాలి.

కోడిగుడ్డు పొర మీద ముక్కలు పెట్టే పద్ధతి చవకైనది, రక్తనాళాలు చూడడానికి పనికొస్తుంది. కొద్ది రోజులే నిలుస్తుంది కాబట్టి అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

ఇప్పుడు జంతువులు. చిట్టెలుకకు నెలసరి రాదు. దాని గర్భాశయం సహజంగా పిండం తాకినప్పుడే డెసిడ్యువలైజ్ అవుతుంది. నెలసరి వచ్చేవి మనిషి, కోతి జాతులు, కొన్ని గబ్బిలాలు, ఎలిఫెంట్ ష్రూ, ఈమధ్యే తెలిసిన ముళ్ల ఎలుక అకోమిస్. అకోమిస్ మంచి దారే, చక్రం సుమారు 9 రోజులు. కానీ దీన్ని పట్టుకునేటప్పుడు చర్మం, తోక తొడుగు ఊడి చేతికి వచ్చేస్తాయి. తోక పట్టుకుని ఎత్తడం అలవాటైనవాళ్లు మొదటి రోజే జంతువును గాయపరుస్తారు. దోసిలితో లేదా గొట్టంతో ఎత్తాలి. రీఏజెంట్లూ తక్కువే. మీ ప్రశ్నకు ఇప్పుడే అది అక్కర్లేదు.

ర్యాట్‌లలో 1985 నుంచి, చిట్టెలుకల్లో 1995 నుంచి వాడుతున్న పద్ధతి: గర్భాశయపు ఒక కొమ్మును (రెండు పాయల్లో ఒకటి) కోసి, ముక్కలు చేసి, మెసెంటరీ (పేగులను పట్టి ఉంచే పొర) రక్తనాళాల పక్కన కుట్టేయడం. ఎక్కడ కుట్టారో తెలుసు కాబట్టి లీజన్ ఖచ్చితంగా దొరుకుతుంది. లోపాలు మూడు. కండర పొర కూడా వెళ్తుంది, జబ్బులో అలా ఉండదు. అతుక్కోవడం అన్న దశే లేదు, మీరే కుట్టేశారు. ఆ ముక్క ద్రవంతో నిండిన తిత్తిగా ఉబ్బుతుంది, కాలిపర్‌తో పొడవు, వెడల్పు కొలిస్తే మీరు కొలిచేది ఎక్కువగా నీళ్లనే. మందు స్రావాన్ని తగ్గించినా ‘లీజన్ చిన్నదైంది’ అనిపిస్తుంది. ఈ పద్ధతే వాడేట్టయితే తిత్తిని గుచ్చి ద్రవం తీసేసి తూచండి. కంట్రోల్ జంతువులకు అదే చోట కొవ్వు ముక్క కుట్టాలి. కుట్టు దారం చుట్టూ వచ్చే గ్రాన్యులోమాను (వాపు కణాల గడ్డ) కొత్తవాళ్లు లీజన్ అనుకుంటారు.

మీ పనికి నేను సూచించేది దాత చిట్టెలుక నుంచి గ్రహీతకు ఇచ్చే పద్ధతి, అందులోనూ నెలసరిని అనుకరించిన కణజాలంతో. దాతలకు అండాశయాలు తీసి వారం తర్వాత ఈస్ట్రడయోల్ 100 నానోగ్రాములు రోజుకోసారి మూడు రోజులు ఇచ్చి, కొన్నాళ్లు ఆపి, ప్రొజెస్టెరాన్ ఇంప్లాంట్ పెట్టి, గర్భాశయపు కొమ్ములోకి 20 మైక్రోలీటర్ల నూనె ఎక్కిస్తే లోపొర డెసిడ్యువలైజ్ అవుతుంది. నాలుగు రోజుల తర్వాత ఇంప్లాంట్ తీసేస్తే కణజాలం విడిపోవడం మొదలవుతుంది. ఆ విచ్ఛిన్నం పూర్తికాకముందే, కొద్ది గంటల్లోనే, డెసిడ్యువా ముద్దను కండరం నుంచి గీకి తీయాలి. కొమ్ము ఉబ్బలేదంటే నూనె లోపలికి పోలేదు, ఆ దాతను వదిలేయండి. దాన్ని కూడా కలిపేస్తే గ్రహీతల మధ్య తేడా అంతా అక్కడి నుంచే వస్తుంది.

ఈ ముక్కలను 1 మిల్లీమీటరులోపు తరిగి, దాతలందరివీ కలిపి, తూచి, ఒక్కో గ్రహీతకు 40 నుంచి 50 మి.గ్రా.లను పీబీఎస్‌లో 18 గేజ్ సూదితో పొట్టలోకి ఇస్తారు. తూచకుండా ‘ఒక కొమ్ము ఒక జంతువుకి’ అనకండి. సిరంజిలో ముక్కలు కిందికి దిగి అడ్డుపడతాయి, చివరి జంతువుకు ఎక్కువ వెళ్తుంది. ప్రతి జంతువుకూ వేరుగా తూచి, వేరు సిరంజిలో నింపడమే దారి. సూది బయటికి తీసేటప్పుడు ముక్క గాయంలో చిక్కుకుని ఆ చోటే లీజన్ వస్తుంది. దాన్ని లెక్కలో చేర్చాలా వద్దా అన్నది ప్రయోగం మొదలయ్యేముందే రాసిపెట్టుకోండి. దాత, గ్రహీత ఒకే ఇన్‌బ్రెడ్ జాతివి కావాలి, లేదంటే తిరస్కరణే చూస్తారు.

గ్రహీతలకు అండాశయాలు తీసి బయటి నుంచి ఈస్ట్రోజెన్ ఇస్తే జంతువుల మధ్య తేడా తగ్గుతుంది. కానీ మీ సమ్మేళనం అండాశయం ద్వారా పనిచేస్తే ఆ పని కనిపించదు. అండాశయాలు ఉంచితే రోజూ యోని స్మియర్ చూడాలి: చక్రం 4 నుంచి 5 రోజులు, ఆడవాటినే గుంపుగా పెడితే చక్రం నిలిచిపోతుంది, మగదాని పంజరంలోని పరుపు పొట్టు వేస్తే తిరిగి మొదలవుతుంది. మేతలో సోయా ఉంటే ఫైటోఈస్ట్రోజెన్లు ఉంటాయి. మేత బ్రాండు మారితే లీజన్లు మారవచ్చు. ఈస్ట్రడయోల్ పెల్లెట్ ఎక్కువ మోతాదుదైతే చిట్టెలుకలకు మూత్రం ఆగిపోయి మూత్రాశయం ఉబ్బుతుంది, బరువు పెరిగిందనుకుని సంతోషించకండి. రోజూ పొట్ట తడిమి చూడాలి, బరువు రాయాలి.

మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ముక్కలు ఎక్కించిన రోజే మొదలుపెడితే అతుక్కోకుండా ఆపడాన్ని పరీక్షిస్తున్నారు. స్త్రీలకు జబ్బు బయటపడేసరికే ఏళ్లు గడిచి ఉంటాయి. కాబట్టి ఇంకో గుంపులో 14వ రోజు తర్వాత, కొన్నింటిని కోసి లీజన్లు నిలదొక్కుకున్నాయని చూసుకున్నాక మొదలుపెట్టండి. చిట్టెలుకల్లో లీజన్లు వాటంతటవే కూడా కరుగుతాయి, అందుకే ప్రతి సమయానికీ వెహికల్ గుంపు వేరుగా ఉండాలి. కొన్ని జంతువుల్లో లీజన్లే రావు. పైలట్‌లో ఎన్నింటికి వస్తున్నాయో చూసి, ఆ తేడాతోనే గుంపు సంఖ్య లెక్కించండి. గణాంకాల్లో యూనిట్ జంతువు, లీజన్ కాదు. ఎనిమిది జంతువుల్లో 30 లీజన్లుంటే ఎన్ 8 మాత్రమే. లెక్కించేవారికి గుంపు తెలియకూడదు. కంటికి కనిపించిన ప్రతి గడ్డనూ సెక్షన్ కోయించాలి. గ్రంథి, స్ట్రోమా రెండూ ఉన్నవే లీజన్లు. పొట్ట కొవ్వులో చచ్చిన ముద్దలు సరిగ్గా వాటిలాగే కనిపిస్తాయి.

మనిషి కణజాలం పెట్టాలనుకుంటే న్యూడ్ చిట్టెలుకల్లో టీ కణాలు లేకున్నా ఎన్‌కే కణాలు చురుగ్గానే ఉంటాయి, ముక్కలు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. ఎన్‌ఎస్‌జీ జాతిలో అవి నిలుస్తాయి, కానీ వాటిలో టీ, బీ, ఎన్‌కే రోగనిరోధక కణాలేవీ లేవు. వాపును తగ్గించే మందును అక్కడ పరీక్షించి లాభం లేదు.

నొప్పిని లీజన్ పరిమాణంతో అంచనా వేయకండి. స్త్రీలలోనూ ఆ రెంటికీ పొంతన లేదు. పొట్ట మీద వెంట్రుకలు తీసి వాన్ ఫ్రే పోగులతో (నిర్ణీత బలానికి వంగే సన్నని పోగులు) తాకి స్పందన లెక్కిస్తారు. ముందు మూడు రోజులు, రోజుకు అరగంటకు తక్కువ కాకుండా జంతువును ఆ పంజరానికి అలవాటు చేయాలి. పరీక్షించే మనిషి మారకూడదు: గదిలో మగవారి వాసన ఉంటేనే చిట్టెలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతుందని 2014లో చూపించారు. దానితోపాటు బొరియ తవ్వడం, చక్రం మీద పరుగు లాంటి సొంతంగా చేసే పనులు కూడా కొలవండి.

బబూన్‌ల మాటకొస్తే, జబ్బు వాటికి సహజంగా వస్తుంది, నెలసరి కణజాలం పొట్టలోకి ఇచ్చి రప్పించవచ్చు కూడా. మనిషికి అంత దగ్గర. అయినా ఒక సంగతి గుర్తుంచుకోండి. టీఎన్‌ఎఫ్‌ను (వాపును పెంచే ప్రోటీన్) అడ్డుకునే మందులు బబూన్‌లలో లీజన్లను తగ్గించాయి, అదే కోవకు చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ 2008లో లోతైన జబ్బు ఉన్న స్త్రీలపై జరిగిన పరీక్షలో నొప్పి మీద ప్లాసిబోను దాటలేకపోయింది. అదే ఏడు వెలువడిన మరో పరీక్షలో రాలోక్సిఫీన్ (ఈస్ట్రోజెన్ గ్రాహకాలపై పనిచేసే మందు) తీసుకున్న స్త్రీలకు నొప్పి ఇంకా తొందరగా తిరిగివచ్చింది. అక్కడ జంతువుల్లో కొలిచింది లీజన్, స్త్రీలలో అడిగింది నొప్పి.

మీ వరస ఇలా పెట్టుకోండి: 12జెడ్‌లో మోతాదు పరిధి, ఆపైన కనీసం ఆరుగురు దాతల ప్రైమరీ స్ట్రోమా, అందులోనే గ్రంథులతో ఆర్గనాయిడ్లు. ప్రైమరీ కణాల్లో పనిచేయకపోతే 12జెడ్ ఫలితం ఎంత బాగున్నా చిట్టెలుకల దాకా వెళ్లకండి. ఆరుగురిలో ఇద్దరిలోనే పనిచేస్తే ఆ ఇద్దరి లీజన్ రకం, చక్రదశ, మందుల చరిత్ర తీసి చూడండి. అక్కడ తేడా కనిపిస్తే జంతు ప్రయోగానికి ముందు అదే రకం నమూనాలు ఇంకొన్ని తెప్పించుకోండి. ప్రతి బయాప్సీని వచ్చిన రోజే మూడు ముక్కలు చేయండి: ఒకటి ఫార్మలిన్‌లోకి, ఒకటి ఆర్‌ఎన్‌ఏ కోసం ద్రవ నత్రజనిలోకి, మూడోది మాత్రమే కల్చర్‌కి.